ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ చూశాక మా అబ్బాయితో ఏం మాట్లాడాలి?

ఏలూరు అమ్మ:
మా వాడు తొమ్మిదో తరగతి. మూడేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నాడు. వాళ్ల మాస్టారికి ఒక కాలు కాస్త కుంటు. పోయిన వారం క్లాసులో ఎవరో ఆయనలా నడిచి చూపించి అందరినీ నవ్వించాడట. మా వాడు లేచి వెళ్లి ఆ పిల్లాడి మూతి పగలగొట్టాడు. మూడు రోజులు స్కూలుకి రావద్దన్నారు. ఇంట్లోనే ఉన్నాడు కదా అని ఇద్దరం కలిసి బ్రూస్ లీ సినిమా ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ చూశాం. నా చిన్నప్పుడు మా నాన్న వీసీఆర్ అద్దెకు తెచ్చి చూపించిన సినిమా అది. కోపం మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో చూసి వాడే తెలుసుకుంటాడనుకున్నా. తీరా చివర్లో బ్రూస్ లీ తుపాకుల మీదికి ఎగిరేసరికి లేచి చప్పట్లు కొట్టాడు. "చూశావా అమ్మా, వాళ్ల గురువుగారి కోసం!" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ వయసులో నేనూ అక్కడ చప్పట్లు కొట్టినదాన్నే. ఈ సినిమా బాగా తెలిసినవాళ్లు చెప్పండి, వాడితో ఏం మాట్లాడాలి?

పాతరీలు:
టెన్షన్ పడకండి అక్కా. ముందు ఒక్క మాట వాడికి చెప్పండి. గురువు హువో యువాంజియా నిజంగా ఉన్న మనిషి, 1910లో షాంఘైలో పోయారు. పగ తీర్చుకున్న శిష్యుడు చెన్ జెన్, అదే బ్రూస్ లీ వేసిన వేషం, మాత్రం చరిత్రలో లేడు, సినిమా కోసం పుట్టించిన పాత్ర. ఇది తెలిస్తే వాడు కొంచెం దూరం నుంచి చూస్తాడు.

నాన్‌చాక్ మాస్టర్:
అమ్మా, నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకి కుంగ్‌ఫూ నేర్పుతున్నా. పాత్ర నిజం కాదని చెబితే పిల్లలు వినరు, వాళ్లకి ఆ కోపం నిజం. దాన్ని కొట్టిపారేయకండి. సినిమా మొదలు మళ్లీ పెట్టి చూపించండి. వానలో గురువు సమాధి దగ్గరికి వచ్చిన చెన్ జెన్ శవపేటిక మీద పడి గోళ్లతో మట్టి తవ్వుతాడు. తోటివాళ్లు పారతో తల మీద కొడితేగాని ఆగడు. అక్కడ కొట్టడానికి శత్రువు ఎవరూ లేరు, ఉన్నదంతా దుఃఖమే. తర్వాత జపాన్ వాళ్లు చైనా వాళ్లని ఎగతాళి చేస్తూ "తూర్పు ఆసియా రోగి" అని రాసిన ఫలకం తెచ్చి గురువు సంతాప సభలోనే పెడతారు. ఆ దుఃఖానికి అప్పుడు ఒక చిరునామా దొరికింది. వాళ్ల డోజోకి (యుద్ధవిద్య నేర్పే చోటు) ఒంటరిగా వెళ్లి అందరినీ కొట్టి, ఆ రాత ఉన్న కాగితం వాళ్ల చేతే తినిపిస్తాడు. పిల్లలంతా అక్కడ ఈలలు వేస్తారు, నేనూ వేశాను.

కానీ గురువుకి విషం పెట్టిన వంటవాడు దొరికినప్పుడు చూడండి. మా గురువుని ఎందుకు చంపావని అడిగిందే అడుగుతూ గుద్దుతాడు. ఆ ముఖంలో గెలిచిన ఆనందం ఏ మూలా లేదు, ఏడుపు ఆపుకుంటున్న పిల్లాడి ముఖం అది. అక్కడ ఆపి, వీడికి ఇప్పుడు ఎలా ఉంటుందని మీ వాడినే అడగండి.

ఇంకొకటి. చెన్ జెన్ ఆ జపాన్ డోజో పెద్ద సుజుకిని చంపడానికి వెళ్లిన సమయంలోనే సుజుకి మనుషులు జింగ్‌వు స్కూలు (గురువుగారి బడి) మీద పడి తోటి విద్యార్థులను చంపేస్తారు. అతను తిరిగొచ్చేసరికి నేలంతా శవాలు. అప్పుడు మిగిలినవాళ్లని వదిలేయమని ఇన్‌స్పెక్టర్‌కి తనను తాను అప్పగించుకుంటాడు. చప్పట్లు ఎగిరినదానికి కాదమ్మా, అక్కడ కొట్టాలి.

మూడో షో:
మాస్టర్ చెప్పింది నిజం. దీని తర్వాత గోర్డన్ లియు హీరోగా వేసిన 36త్ ఛాంబర్ ఆఫ్ షావొలిన్ (1978) చూపించండి అక్కా. అందులోనూ అయినవాళ్లు చనిపోయిన కుర్రాడే. పగ తీర్చుకోవాలని, కుంగ్‌ఫూ నేర్పే బౌద్ధ ఆశ్రమం షావొలిన్‌కి వస్తాడు. ఛాంబర్ అంటే అక్కడ ఒక్కో సాధన నేర్పే గది. నేరుగా పైనున్న 35వ ఛాంబర్‌కి పోతానంటాడు, అక్కడినుంచి విసిరేస్తారు. చేతులు చాచి నీళ్ల బకెట్లు మోయాలి, చేతులు వాలితే కింద కట్టిన కత్తులు గుచ్చుకుంటాయి. సినిమాలో చాలా భాగం ఈ సాధనే. మా తమ్ముడు చిన్నప్పుడు అది చూసి పెరట్లో బిందెలు మోశాడు.

ఏలూరు అమ్మ:
మాస్టర్ గారూ, సమాధి సీను మళ్లీ చూశాం. వాడేమీ మాట్లాడలేదు. సాయంత్రం కరాటే మాస్టారి దగ్గరికి తీసుకెళ్లమని వాడే అడిగాడు. విషయం ఆయనకి ముందే తెలిసినట్టుంది. తిట్టలేదు. వాడి కుడిచేయి పట్టుకుని, వాచిన వేళ్లు ఒక్కొక్కటీ మడిచి చూసి, "నొప్పిగా ఉందా నాన్నా?" అని అడిగారు. ఇన్ని రోజులకి మా వాడు అక్కడ ఏడ్చాడు.