గేదెల తనఖా అప్పుపై హైదరాబాద్‌లో దావా: డోన్ రైతు అక్కడికి వెళ్లవలసిందేనా?

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. మాది నంద్యాల జిల్లా డోన్ దగ్గర ఒక పల్లె. మా నాన్నగారు ఒక ప్రైవేటు బ్యాంకు నంద్యాల శాఖలో 6 లక్షల రూపాయల అప్పు తీసుకుని ముర్రా గేదెలు కొన్నారు. ఆ గేదెలనే బ్యాంకుకు హైపోథికేషన్ (తమ దగ్గరే ఉంచుకుని అప్పుకు హామీగా రాసివ్వడం) చేశారు. వాటి చెవి ట్యాగుల నంబర్లన్నీ ఒప్పందం చివరి అనుబంధంలో రాసి ఉన్నాయి. 2 గేదెలు చనిపోవడంతోను, బీమా సొమ్ము సకాలంలో రాకపోవడంతోను వాయిదాలు తప్పాయి. ఇప్పుడు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి సమన్లు అందాయి. బ్యాంకు ఏజెంటు మా ఇంటికే కాగితాలు తెచ్చి అరుగు మీదనే సంతకాలు చేయించుకున్నాడు. అయినా ఒప్పందంలో మాత్రం “హైదరాబాద్‌లో కుదుర్చుకున్నది” అని, “వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల పరిధిలోనే” అని అచ్చయి ఉంది. 67 ఏళ్ల మనిషిని ప్రతి వాయిదాకూ 200 కిలోమీటర్లకు పైగా తిప్పకుండా ఈ దావాను మా వైపు తెప్పించుకోవడానికి వీలుందా? అసలు సమన్లకు స్పందించకుండా ఊరుకుంటే ఏమవుతుంది?

సమాధానం (సివిల్ న్యాయవాది)

ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఊరుకోకండి. కోర్టుకు పరిధి లేదని మీరు ఎంత గట్టిగా నమ్మినా, హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ వాదన వినకుండానే మీకు వ్యతిరేకంగా తీర్పు, వస్తుంది. దాన్ని రద్దు చేయించుకోవడానికి 30 రోజుల్లోగా తగిన కారణం చూపి దరఖాస్తు చేయవలసి ఉంటుంది. ప్రాదేశిక పరిధి (ఆ ప్రాంతపు కేసు వినే అధికారం) లేదన్న అభ్యంతరాన్ని మొదటి కోర్టులోనే, వీలైనంత తొందరగా, ఏ సందర్భంలోనైనా కోర్టు తేల్చవలసిన వివాదాంశాలు ఖరారయ్యేలోపు లేవనెత్తాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ సెక్షను చెబుతుంది. అలా లేవనెత్తకుండా అప్పీలుకు వెళ్తే, దానివల్ల న్యాయానికి భంగం కలిగిందని కూడా నిరూపిస్తే తప్ప పై కోర్టు ఆ మాట వినదు. కాబట్టి హైదరాబాద్‌లో ఒక న్యాయవాదికి వకాలత్ ఇచ్చి, జవాబు దావాలో (దావాకు మీరు రాసి ఇచ్చే సమాధానంలో) మొదటి పేరాల్లోనే ఈ అభ్యంతరాన్ని రాయించండి. అప్పు మొత్తంపైన, చనిపోయిన గేదెలపైన, బీమాపైన మీ వాదనలన్నీ కూడా అదే జవాబు దావాలో ఉండాలి. “ముందు పరిధి సంగతి తేలనివ్వండి, తరువాత మిగతావి చెబుతాము” అనుకునేవారే ఎక్కువగా దెబ్బతింటారు.

సమన్లు ఏ నిబంధన కింద వచ్చాయో కూడా చూడండి. మామూలు దావా అయితే జవాబు దావాకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు గడువు ఉంటుంది. అదే కోడ్ ఆర్డరు 37 కింద సంక్షిప్త దావా (త్వరగా తేల్చే ప్రత్యేక పద్ధతి) అయితే 10 రోజుల్లోనే హాజరు నమోదు చేసుకోవాలి. అప్పు 20 లక్షలకు తక్కువ కాబట్టి రుణ వసూళ్ల ట్రిబ్యునల్ ప్రసక్తి రాదు.

ఇక అసలు విషయం. డబ్బు వసూలు కోసం వేసే దావాకు అదే కోడ్ 20వ సెక్షను వర్తిస్తుంది. దాని ప్రకారం ప్రతివాది నివసించే చోట గాని, వ్యాజ్య కారణం (దావాకు దారితీసిన సంఘటనలు) పూర్తిగానో కొంత భాగమో పుట్టిన చోట గాని దావా వేయవచ్చు. వాది ప్రధాన కార్యాలయం ఎక్కడ ఉన్నదన్నది ఈ లెక్కలోకి రాదు. సంస్థ కార్యాలయాల గురించి ఆ సెక్షనుకు ఒక వివరణ ఉన్న మాట నిజమే గాని, అది సంస్థ ప్రతివాదిగా ఉన్నప్పటి సంగతి. కనుక హైదరాబాద్‌లో దావా నిలబడాలంటే, వ్యాజ్య కారణంలో కొంత భాగమైనా అక్కడ జరిగిందని బ్యాంకు చూపించవలసిందే.

“హైదరాబాద్ కోర్టుల పరిధిలోనే” అన్న నిబంధన బలమైనదే, అయితే దానికొక హద్దు ఉంది. పరిధి లేని కోర్టుకు ఉభయులు ఒప్పుకొని పరిధి కట్టబెట్టలేరని, సహజంగానే రెండు మూడు కోర్టులకు పరిధి ఉన్నప్పుడు వాటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చునని సుప్రీంకోర్టు హకమ్ సింగ్ వర్సెస్ గామన్ కేసులో 1971లోనే చెప్పింది. 1989 నాటి ఏ.బి.సి. లామినార్ట్ వర్సెస్ ఏ.పి. ఏజెన్సీస్ కేసులో, “కైరా (గుజరాత్‌లోని ఊరు) పరిధికి లోబడి” అని ఒప్పందంలో ఉన్నా సేలం కోర్టులో దావా చెల్లుతుందని తేల్చింది. ఇతర కోర్టులను స్పష్టంగా మినహాయించే మాటలు అందులో లేవన్నది కారణం. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ వర్సెస్ ఇండియన్ ఆయిల్ తీర్పు వచ్చాక “మాత్రమే”, “ప్రత్యేకంగా” వంటి మాటలు లేకపోయినా, ఒక చోటును పేర్కొనడంలోనే మిగతా చోట్లను వదులుకునే ఉద్దేశం ఉందని భావించే అవకాశం ఏర్పడింది. మీ ఒప్పందంలో “లోనే” అని ఉంది కాబట్టి ఆ వైపు నుంచి పోరాడి లాభం లేదు. హైదరాబాద్‌లో అసలు ఏమీ జరగలేదని చూపించడమే మీ దారి.

దానికి ఆధారాలు మీ ఇంట్లోనే ఉంటాయి. ఒప్పందం మొదటి పేజీ స్టాంపు కాగితం వెనక వైపు చూడండి. ఏ విక్రేత, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరి పేరున అమ్మాడో రాసి ఉంటుంది. ఆ కాగితం డోన్‌లోనో నంద్యాలలోనో అమ్మినదైతే, లోపల అచ్చయిన “హైదరాబాద్‌లో కుదుర్చుకున్నది” అన్న మాటను అక్కడే ప్రశ్నించవచ్చు. పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, గేదెలు కొన్న రసీదు, బీమా వారు ట్యాగులు వేసినప్పుడు తీసిన ఫోటోలు, సొమ్ము జమ అయిన నంద్యాల ఖాతా పాసుపుస్తకం, వాయిదాలు కట్టిన రసీదులు, ఇవన్నీ ఒక వరుసలో పెట్టండి. రుణం మంజూరైనట్లు చెప్పిన ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో తప్పక చూడండి. బ్యాంకు పట్టుకునేది దాన్నే. మంజూరు హైదరాబాద్ కార్యాలయంలో జరిగింది కాబట్టి వ్యాజ్య కారణంలో కొంత భాగం ఇక్కడే పుట్టిందని వాదిస్తుంది. లోపలి ఫైలు మీద అధికారి ఎక్కడో సంతకం చేసినంత మాత్రాన సరిపోదని, దరఖాస్తు తీసుకున్నదీ అంగీకారం తెలియజేసినదీ సొమ్ము ఇచ్చినదీ తిరిగి కట్టవలసినదీ నంద్యాలలోనేనని మీరు బదులు చెప్పాలి. ఇక్కడ గెలుపు ఖాయమని నేను అనను.

ప్రశ్న అడిగినవారు

స్టాంపు కాగితం వెనక డోన్ విక్రేత ముద్రే ఉంది. మరో సంగతి ముందే చెప్పవలసింది. మా మేనమామ ఈ అప్పుకు జామీను ఉన్నారు. ఆయన కూకట్‌పల్లిలో ఉంటారు, దావాలో రెండో ప్రతివాది ఆయనే. సంతకం చేసిన ఖాళీ చెక్కులు కూడా బ్యాంకు దగ్గర ఉన్నాయి.

సమాధానం (సివిల్ న్యాయవాది)

జామీనుదారు సంగతితో లెక్క కొంత మారుతుంది. ప్రతివాదులు ఒకరికంటే ఎక్కువ ఉన్నప్పుడు, వారిలో ఒకరు నివసించే చోట కూడా దావా వేయవచ్చు. కాని దానికి కోర్టు అనుమతి తీసుకోవాలి, లేదా అక్కడ నివసించని ప్రతివాది ఊరుకుని సమ్మతించి ఉండాలి. మీ నాన్నగారు సకాలంలో అభ్యంతరం చెబితే సమ్మతి అన్న మాట ఉండదు; అప్పుడు బ్యాంకు అనుమతి కోరిందా, కోర్టు ఇచ్చిందా అన్నది చూడాలి. దావా నకలులో వ్యాజ్య కారణం, పరిధి గురించి రాసిన పేరాలు దాదాపు చివర్లో ఉంటాయి. అవి చదివి బ్యాంకు దేన్ని ఆధారం చేసుకున్నదో నాకు చెప్పండి.

ఇంకొకటి. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది, అక్కడికి వేరే కోర్టులు ఉన్నాయి. సిటీ సివిల్ కోర్టు పరిధి నగరం మొత్తానికీ విస్తరించి లేదు. మనం మాటల్లో అంతటినీ హైదరాబాద్ అంటాము గాని, మీ మేనమామ చిరునామాను మాత్రమే పట్టుకుని బ్యాంకు సిటీ సివిల్ కోర్టుకు వచ్చి ఉంటే, ఆ ఆధారం అక్కడే బలహీనపడుతుంది.

సమాధానం (విశ్రాంత బ్యాంకు అధికారి)

చెక్కుల విషయం విడిగా ఆలోచించండి. 2014లో దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు, చెక్కు ఇచ్చినవారి బ్యాంకు ఉన్న చోటే కేసు వేయాలని చెప్పింది. మరుసటి సంవత్సరమే పార్లమెంటు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు చెక్కును ఖాతా ద్వారా వసూలుకు వేస్తే, సొమ్ము రావలసినవారి ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులోనే ఆ చట్టం 138వ సెక్షను కింద చెక్కు బౌన్సు కేసు నడుస్తుంది. అందువలన సివిల్ దావా నంద్యాలకు వచ్చినా చెక్కు కేసు హైదరాబాద్‌లో ఉండిపోవచ్చు. రుణగ్రహీతలు ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం నేను ఉద్యోగంలో తరచుగా చూశాను. చెక్కు తిరిగి వచ్చినట్లు నోటీసు అందితే 15 రోజుల గడువును తేలికగా తీసుకోకండి.

ఈ అప్పుకు భూమి కూడా తనఖా పెట్టారా? పెట్టి ఉంటే, ఆ భూమిని అమ్మించి సొమ్ము రాబట్టుకునే దావా సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షను ప్రకారం భూమి ఉన్న చోటే వేయాలి. గేదెలు చరాస్తి కాబట్టి వాటి మీద హక్కు ఉన్నంత మాత్రాన ఆ నియమం వర్తించదు.

మరొక సభ్యుడు

మాది కరీంనగర్ జిల్లా. మా అప్పు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలోనిది. మాకూ ఇదే పద్ధతా?

సమాధానం (విశ్రాంత బ్యాంకు అధికారి)

కాదు. సహకార సంఘానికి, సభ్యునికి మధ్య వివాదం 1964 నాటి సహకార సంఘాల చట్టం 61వ సెక్షను కింద రిజిస్ట్రారు ముందుకు వెళ్తుంది. ఏ ఊరి సివిల్ కోర్టు అన్న ప్రశ్న అక్కడ రాదు.

ప్రశ్న అడిగినవారు

దావా పత్రం చదివాను. “రుణం హైదరాబాద్‌లో మంజూరైనది, ఒప్పందం హైదరాబాద్‌లో జరిగినది” అని మాత్రమే ఉంది. మామయ్య నివాసం గురించి గాని, కోర్టు అనుమతి గురించి గాని ఏమీ లేదు. పరిధి లేదని తేలితే దావా కొట్టివేస్తారా? లేక తెలంగాణ హైకోర్టును అడిగి కేసును నంద్యాలకు బదిలీ చేయించుకోవడం మేలా?

సమాధానం (సివిల్ న్యాయవాది)

కొట్టివేయరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 7, రూలు 10 కింద దావా పత్రాన్ని బ్యాంకుకు తిరిగి ఇచ్చి, సరైన కోర్టులో వేసుకోమంటారు. అక్కడ విచారణ మళ్లీ మొదటి నుంచి సాగుతుంది. సద్బుద్ధితో తప్పు కోర్టులో గడిపిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 14వ సెక్షను కింద మినహాయించమని బ్యాంకు కోరవచ్చు కాబట్టి, కాలపరిమితి దాటి అప్పు చెల్లిపోతుందన్న ఆశ పెట్టుకోవద్దు. మీకు దక్కేది ప్రయాణం తగ్గడం, సాక్షులు దగ్గరలో ఉండడం, కొంత వ్యవధి. ఈలోగా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అందుకే పరిధి వాదనతో పాటు బీమా సొమ్మును ఖాతాలో జమ చేయించే ప్రయత్నాన్ని, లోక్ అదాలత్‌లో ఒకేసారి చెల్లింపు మాటను సమాంతరంగా నడపండి. మొదట పరిధి తేల్చుకుని తరువాత రాజీకి రావడంకన్నా, గట్టి అభ్యంతరం రికార్డులో ఉండగానే రాజీ మాట్లాడితే బ్యాంకు ఎక్కువగా దిగివస్తుందని నా అభిప్రాయం.

బదిలీ దారి ఇక్కడ కష్టం. ఒకే హైకోర్టు కింద ఉన్న కోర్టుల మధ్య అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షను సరిపోయేది. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకు వేర్వేరు హైకోర్టులు ఉన్నాయి. ఒక హైకోర్టు తన కింది కోర్టులోని కేసును మరో హైకోర్టు కింది కోర్టుకు పంపలేదని, ఆ అధికారం 25వ సెక్షను కింద సుప్రీంకోర్టుకే ఉందని దుర్గేశ్ శర్మ వర్సెస్ జయశ్రీ కేసులో 2008లో తీర్పు వచ్చింది. 6 లక్షల అప్పు కోసం ఢిల్లీ వెళ్లమని నేను సలహా ఇవ్వను. సరైన అభ్యంతరంతో దావా పత్రాన్ని వాపసు చేయించడమే మీకు చవకైన మార్గం.

ప్రశ్న అడిగినవారు

ఒకవేళ హైదరాబాద్‌లోనే డిక్రీ అయితే, అక్కడి అమీను (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) వచ్చి గేదెలను తోలుకుపోతాడా?

సమాధానం (సివిల్ న్యాయవాది)

నేరుగా రాలేడు. తన పరిధి బయట ఉన్న ఆస్తి మీద ఆ కోర్టు డిక్రీ అమలు జరపలేదు. డిక్రీని సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ సెక్షను కింద గేదెలు ఉన్న చోటి కోర్టుకు పంపాలి. కనుక అమలు దశలో విషయం మీ జిల్లాకే వస్తుంది. వ్యవసాయదారుని జీవనోపాధికి అవసరమైన పశువులను జప్తు నుంచి మినహాయించే 60వ సెక్షను మాట అప్పుడు ఎత్తవచ్చు గాని, మీరే స్వయంగా హైపోథికేషన్ చేసిన గేదెల విషయంలో బ్యాంకు దాన్ని గట్టిగా ఎదిరిస్తుంది. ఈలోగా గేదెలను అమ్మవద్దు, ఊరు మార్చవద్దు. ఏదైనా చనిపోతే పశువైద్యుని ధ్రువపత్రం, ట్యాగుతో సహా ఫోటో తీసుకుని బ్యాంకుకు, బీమా సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో అదే రోజు పంపండి.