స్పానిష్ మాట్లాడే కుటుంబాలను మా గృహిణుల క్లబ్బుకు పిలవడం ఎలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేము అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో ఉంటున్నాం. కౌంటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయం (విశ్వవిద్యాలయం తరఫున ప్రజలకు వ్యవసాయం, ఇంటి పనులు నేర్పే జిల్లా స్థాయి కార్యాలయం) అండతో నడిచే గృహిణుల క్లబ్బులో నేను సభ్యురాలిని. కుట్టుపని, ఆహారం నిల్వ చేయడం, ఇంటి ఖర్చుల లెక్క వంటివి నేర్చుకుంటాం. ఊళ్లో కోళ్ల ఫ్యాక్టరీలలో పనిచేసే మెక్సికో, గ్వాటెమాలా కుటుంబాలు చాలా ఉన్నాయి. స్పానిష్‌లో కరపత్రాలు పంచినా ఒక్కరూ రాలేదు. క్లబ్బులో బయటి దేశం మనిషిని నేనే కాబట్టి ఈ పని నాకు అప్పగించారు! ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పగటిపూట సమావేశం పెడితే షిఫ్టులో ఉన్నవారు ఎలా వస్తారండీ? స్పానిష్‌లో ప్రార్థన జరిగే చర్చి హాలు ఆదివారం సాయంత్రానికి అడగండి. పిల్లలను చూసుకోవడానికి ఒకరిని పెట్టండి. హాజరు పట్టీలో పేరు చాలు, చిరునామా వద్దు. ఇంట్లో ఎవరికైనా వీసా చిక్కులుంటే ఆ గడి చూసే వెనుదిరుగుతారు.

మరో జవాబు: వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా కథ మీకు పనికొస్తుంది. 1997లో అక్కడ పచ్చిపాలతో ఇంట్లో చేసుకునే కేసో ఫ్రెస్కో అనే మెత్తటి జున్ను (చీజ్) వల్ల సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు వ్యాపించింది. జున్ను మానేయండని చెబితే వినేవారు కారు. మన అమ్మమ్మను ఆవకాయ పెట్టవద్దంటే వింటుందా? రాష్ట్ర విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ వారు పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా వేడిచేసిన పాలతో జున్ను తయారీ పద్ధతి రూపొందించి, ముందు ఆ సమాజంలోని పెద్దావిడలకే నేర్పారు. ఒక్కొక్కరూ కనీసం 15 మందికి నేర్పుతామని ఒప్పంద పత్రం మీద సంతకం చేశారు. ఆ తర్వాత కేసులు తగ్గాయి. మీరూ ముందు అలాంటి ఒక పెద్దావిడను వెతకండి.

ప్రశ్న అడిగినవారు: మా అధ్యక్షురాలు పోషకాహారంపై ఉపన్యాసం పెడదామంటున్నారు. నాకు స్పానిష్ రాదు. మా అమ్మాయి బడిలో నేర్చుకుంటోంది, తనతో చెప్పించనా?

యాకిమా కథ చెప్పినవారు: ఉపన్యాసం వద్దే వద్దు! సల్సా (టమాటా, మిరప, ఉల్లితో చేసే పచ్చడి) తయారీ పెట్టండి. రుచి వారికి తెలుసు, సీసాల్లో నిల్వ చేయడం మీ క్లబ్బుకు తెలుసు. పరీక్షించిన కొలతలే వాడాలి. టమాటాకు మిరప, ఉల్లి పాళ్లు పెంచితే పులుపు చాలక బొట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషం ప్రమాదం వస్తుంది. సీసాలో అమ్మే నిమ్మరసమే పోయాలి, ఎందుకంటే తాజా కాయల పులుపు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. ఇంత జాగ్రత్త విషయాన్ని బడిపిల్లతో చెప్పించకండి. 1969లో మొదలైన ప్రభుత్వ పోషకాహార విద్యా పథకంలో ఆయా సమాజాల మహిళలకే జీతమిచ్చి శిక్షణ ఇస్తారు. మీ ప్రాంతంలో స్పానిష్ తెలిసినవారు ఉన్నారేమో కౌంటీ కార్యాలయాన్ని అడగండి.

ఇంకొకరు: నాదీ ఒక మాట. మొదటి రోజే సభ్యత్వ పత్రం, చందా రసీదు తీయకండి. వంట నేర్చుకుని వెళ్లిపోయినా నష్టం లేదు. రెండోసారి ఏం నేర్చుకుందామో, ఎవరు నేర్పుతారో వారినే చెప్పనివ్వండి.