‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటే సరిపోతుందా? ‘పాల్గొను’లోని పాలు ఎక్కడిది?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. దేశాల మధ్య కుదిరిన ఆర్హుస్ ఒప్పందం గురించి తెలుగులో చిన్న పరిచయం రాస్తున్నాను. డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో 1998 జూన్ 25న సంతకాలై, 2001 అక్టోబరు 30న అమల్లోకి వచ్చింది. పర్యావరణం విషయంలో మామూలు మనిషికి మూడు హక్కులు ఇస్తుంది. సమాచారం తెలుసుకోవడం మొదటిది, న్యాయం పొందడం మూడోది. మధ్యలో ఉన్న రెండోదాని దగ్గర పెన్ను ఆగింది. నిర్ణయాలు తీసుకునేటప్పుడు ప్రజలకూ చోటివ్వడం అది, ఇంగ్లీషులో ‘పబ్లిక్ పార్టిసిపేషన్’ అంటారు. ఇలాంటి చోట పత్రికలు ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటున్నాయి. అదే రాసేయొచ్చా?

జవాబు:
రాసేయండి. అందరికీ తెలిసిన మాట. కొత్త మాట పుట్టిస్తే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ‘ప్రజా భాగస్వామ్యం’ అన్నా అర్థమవుతుంది.

మరో జవాబు:
తొందరపడకండి బాబూ. ఆ మాటను పత్రికలు రెండు వేరు వేరు పనులకు వాడుతున్నాయి. ఐరోపా సమాఖ్యలో ఉండాలా వద్దా అని బ్రిటన్ ప్రజలు 2016లో ఓటు వేస్తే దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు. ఒక కర్మాగారానికి అనుమతి ఇచ్చే ముందు సభ పెట్టి జనం చెప్పింది రాసుకుంటే దాన్నీ అదే అంటున్నారు. మొదటిదాంట్లో ఓట్లు లెక్కపెడతారు, ఏ వైపు ఎక్కువో తేలుతుంది. రెండోదాంట్లో ఓట్లే లేవు. పేరు ఒకటే అయ్యేసరికి, సభలో లేచి ‘వద్దు’ అన్న మనిషి తన మాటతో పని ఆగిపోయినట్టే అనుకుని ఇంటికి వెళ్లిపోతాడు. అలా పోగొట్టుకునేది మామూలు హక్కు కాదు.

నాకు అంతకన్నా ముల్లులా గుచ్చుకునేది ‘సేకరణ’. ధాన్యం సేకరిస్తారు, భూమి సేకరిస్తారు, నమూనాలు సేకరిస్తారు. ఇందులో పనిచేసేవాడు సేకరించేవాడే. ఇచ్చినవాడి పని ఇవ్వడంతో సరి. తర్వాత అది ఏమైందని అడగడానికి ఆ మాటలో చోటే లేదు. ఒప్పందం ఆరో అధికరణం చూడండి. దారులన్నీ ఇంకా తెరిచి ఉండగానే, తొలి దశలోనే ప్రజలను పిలవాలి. వాళ్లు చెప్పినదాన్ని నిర్ణయంలో తగిన విధంగా లెక్కలోకి తీసుకోవాలి. నిర్ణయం అయ్యాక దాని పాఠాన్ని, ఎందుకలా నిర్ణయించారో కారణాలతో సహా, ప్రజలకు అందుబాటులో పెట్టాలి. అంటే మాట తీసుకున్నవాళ్లే తిరిగివచ్చి జవాబు చెప్పుకోవాలి. ‘సేకరణ’ అన్నాక ఈ తిరుగు ప్రయాణం ఎవరికి గుర్తొస్తుంది?

‘భాగస్వామ్యం’ దీనికన్నా నయమే. కాకపోతే ‘భాగస్వామి’ అనగానే వ్యాపారంలో లాభనష్టాలు పంచుకునేవాడు కళ్లముందుకొస్తాడు. గని తవ్వితే నీళ్లు చెడిపోతాయని భయపడుతున్నవాళ్లను ఆ గనికి భాగస్వాములు అనడానికి నాకు మనసొప్పదు.

మన క్రియ మనకే ఉంది: పాల్గొను. పాలు అంటే వాటా. పాలు, కొను కలిసి పాల్గొను అయింది, వాటా తీసుకోవడమని. ‘పార్టిసిపేషన్’ అనే ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్‌లోనూ ‘భాగం’, ‘తీసుకొను’ అనే ముక్కలే ఉన్నాయి. ఒకరిని చూసి ఒకరు చేసుకున్నవి కావు, అయినా రెండు భాషలూ ఒక్కచోటికే చేరాయి. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా సంతోషంగా ఉంటుంది. ‘పాలివాడు’లో ఉన్నదీ ఈ పాలే. ఆస్తిలో వాటా ఉన్న దాయాది అని. పాలివాడిని పిలవకుండా పంపకాలు చేస్తే ఊరుకుంటాడా?

అయితే ఇప్పటి వాడుకలో ‘పాల్గొన్నారు’ పలచబడిపోయింది. ‘కార్యక్రమంలో పలువురు పాల్గొన్నారు’ అంటే వచ్చి కూర్చున్నారని మాత్రమే. అందుకని వాటా బయటికి కనిపించేలా ‘పాలుపంచుకోవడం’ అని రాస్తాను నేనైతే. ‘నిర్ణయాల్లో పాలుపంచుకునే హక్కు.’

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. ‘సేకరణ’ గురించి ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒప్పందం ‘ప్రజలు’ అనేదాన్ని ఒకచోట, ఫలానా నిర్ణయంతో సంబంధం ఉన్న ప్రజలను మరోచోట విడిగా నిర్వచించింది. ఆ రెండో మాటకు ‘బాధితులు’ అని పెట్టాను. మూడో హక్కును ‘న్యాయం పొందే హక్కు’ అన్నాను. సరేనా?

ఇంకో జవాబు:
కోర్టు కాగితాలు అనువదించే దాన్ని కాబట్టి ఈ రెండూ నేను చెబుతాను తమ్ముడూ. ‘బాధితులు’ తీసెయ్యి. అది దెబ్బ తగిలాక వచ్చే పేరు. నిర్వచనంలో ప్రభావం పడినవాళ్లే కాదు, పడే అవకాశం ఉన్నవాళ్లు, ఆ నిర్ణయంపై ఆసక్తి ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. దేశ చట్టం అడిగే అర్హతలుంటే పర్యావరణ రక్షణకు పనిచేసే సంస్థలకూ ఆ ఆసక్తి ఉన్నట్టే లెక్క. ‘బాధితులు’ అంటే వీళ్లందరినీ గుమ్మం బయట నిలబెట్టినట్టే. ‘సంబంధిత ప్రజలు’ చప్పగా ఉన్నా తప్పు కాదు. సమాచారం దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఎవరైనా’ అనే రాయి. అక్కడ ఎందుకు అడుగుతున్నావని అడగకూడదు. సమాచారం నెలలోపు ఇవ్వాలి, అది మరీ పెద్దదై చిక్కుగా ఉంటే రెండు నెలల వరకు గడువు.

ఇక న్యాయం. తెలుగులో ‘నాకు న్యాయం జరిగింది’ అంటే గెలిచానని. ఒప్పందం గెలుపు ఇవ్వదు, తలుపు తెరుస్తుంది. సమాచారం ఇవ్వకపోయినా, నిర్ణయం చట్టప్రకారం జరగకపోయినా, పర్యావరణ చట్టాన్ని ఎవరైనా మీరినా, కోర్టు ముందుకో అలాంటి నిష్పాక్షిక సంస్థ ముందుకో వెళ్లవచ్చు. ఆ విచారణ సకాలంలో జరగాలి, ఖర్చు మోయలేనంత కాకూడదు. ‘కోర్టు మెట్లెక్కడం’ అని మనకో పలుకుబడి ఉంది గానీ, అందులో పరువు పోయిందన్న బాధ, తిరిగి తిరిగి అలిసిన ఒంటి నొప్పి వినిపిస్తాయి. ఆ మెట్లు ఎక్కడమే హక్కు అని చెప్పాల్సిన చోట అది పనికిరాదు. ‘న్యాయం కోరే హక్కు’ అను. పొందడం మన చేతిలో లేకపోయినా కోరడం ఉంది.

ఇంకోటి మరవకు. ఈ హక్కులు వాడుకున్నందుకు ఎవరినీ శిక్షించకూడదు, వేధించకూడదు అని మూడో అధికరణంలో ఉంది. చాలా పరిచయాల్లో ఈ మాట జారిపోతుంది. నోరు విప్పడానికి భయపడేవాళ్లకు మొదట కావలసింది అదే కదా.

మాస్టారు:
అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. దీనికి తోడుగా ఒకటి. ఆర్హుస్ ఒప్పందానికి ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్ పాఠాలు మూడూ సమాన ప్రామాణికమైనవి. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలు 2018లో కోస్టారికాలోని ఎస్కాజులో చేసుకున్న ఒప్పందం ఇంకో అడుగు ముందుకేసింది. నేరుగా ప్రభావం పడే ప్రజలు అధికార భాష కాక వేరే భాష మాట్లాడేవాళ్లయితే, వాళ్లకు అర్థమయ్యే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలంది. అర్థం కాని భాషలో కాగితం చేతికిచ్చి ‘చెప్పాం కదా’ అనడానికి వీల్లేదు. మనం ఇక్కడ ఒక్కో మాట దగ్గర ఇంతసేపు ఆగడం ఇందుకే.

ప్రశ్న అడిగినవారు:
ఇలా మార్చాను, చూడండి: ‘పర్యావరణ సమాచారం ఎవరైనా అడిగి తెలుసుకునే హక్కు, పర్యావరణంపై ప్రభావం చూపే నిర్ణయాల్లో సంబంధిత ప్రజలు పాలుపంచుకునే హక్కు, ఇవి దక్కనప్పుడు న్యాయం కోరే హక్కు.’

మాస్టారు:
చక్కగా ఉంది. రెండోదాంట్లో ‘పాలుపంచుకునే’ ముందు ‘తొలి దశలోనే’ చేర్చండి. పంపకాలు అయ్యాక పాలివాడిని పిలిచి లాభం లేదు.