సెప్టెంబరు హెరిటేజ్ ఓపెన్ డేస్: పాత చర్చి డ్యూటీకి వాలంటీర్లు కావాలి

సమన్వయకర్త:
అందరికీ నమస్తే. ఈసారి, ఇంగ్లండ్‌లో పాత కట్టడాలను జనానికి ఉచితంగా చూపించే హెరిటేజ్ ఓపెన్ డేస్‌లో మన సంఘం పని ఖరారైంది. ఊళ్లోని పాత చర్చిని శని, ఆదివారాలు సందర్శకులకు తెరిచి ఉంచే బాధ్యత మనం తీసుకుంటున్నాం. ప్రతివారం ప్రార్థనకు వచ్చేవాళ్లు పట్టుమని పదిహేను మంది కూడా లేరట, అందులో చాలామంది పెద్దవాళ్లు. అందుకే మనల్ని అడిగారు. శనివారం పది నుంచి నాలుగు దాకా, ఆదివారం ప్రార్థన అయ్యాక పన్నెండు నుంచి నాలుగు దాకా. రెండేసి గంటల షిఫ్టులు. ఒక్కో షిఫ్టుకు ఇద్దరు ఉండాల్సిందే, ఎవరినీ ఒంటరిగా వదలను.

ట్రెజరర్:
మంచి పనే అక్కా, కానీ నాకు కొంచెం టెన్షన్‌గా ఉంది. ఆ చర్చి కప్పు మీది సీసం రేకులు ఒకసారి ఊడబెరుక్కుపోయారు కదా. అలాంటి చోట తలుపులు బార్లా తెరిస్తే దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టు కాదా? రేపు ఏదైనా పోతే మాట పడేది మనమే.

సమన్వయకర్త:
ఇదే మాట చర్చి బాగోగులు చూసే వార్డెన్‌ గారిని అడిగాను. సీసం పోయింది రాత్రిపూట, తలుపులకు తాళాలు వేసి ఉండగానే అన్నారావిడ. ఇక్కడ ఎన్నో చర్చిలకు బీమా ఇచ్చే ఎక్లీసియాస్టికల్ సంస్థ కూడా పగలు తెరిచి ఉంచమనే చెబుతుంది. ఎవరు ఎప్పుడు లోపలికి వస్తారో తెలియకపోతే దొంగకు తీరిక ఉండదు. మూసి ఉన్న చర్చిలో దూరినవాడికి బోలెడంత తీరిక. పైగా ఏం పోయిందో వచ్చే ఆదివారం దాకా ఎవరూ చూడరు.

ఫొటోల వాలంటీర్:
అది నిజమే కానీ పూర్తి భరోసా ఏమీ కాదు. డెవన్‌లో టోర్‌బ్రయన్ అనే చోట హోలీ ట్రినిటీ చర్చి ఉంది, పాత చర్చిలను కాపాడే చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటుంది. 15వ శతాబ్దపు చెక్క తెర మీద సెయింట్ విక్టర్, సెయింట్ మార్గరెట్ బొమ్మలున్న రెండు పలకల్ని అక్కడినుంచి పెకలించుకుపోయారు. 2013లో సంగతి బయటపడింది. తర్వాత ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే ఒక కళాఖండాల సేకర్త గుర్తుపట్టాడు, లండన్ పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. గుర్తుపట్టే ఆధారం లేకపోతే ఏ పోలీసైనా ఏం చేస్తాడు? అందుకని ముందువారమే వార్డెన్‌ గారితో వెళ్లి ప్రతి వస్తువునూ ఫొటో తీస్తాను. పక్కన స్కేలు పెట్టి, పగుళ్లు, చెక్కిన అక్షరాలు కనబడేలా. అవి ఆవిడకే ఇస్తాను, మన గ్రూపులో పెట్టను.

ఇంకో మాట. ఆ రోజు మీరు తీసే ఫొటోల్లో రంగు అద్దాలు, మనుషులు ఎంతమందైనా ఉండనివ్వండి. అలారం పెట్టె, తాళాలు, వెస్ట్రీ (పాస్టర్ దుస్తులు, చర్చి సామాన్లు ఉండే గది) తలుపు మాత్రం పడకూడదు. ఎవరైనా తెలియక ఫేస్‌బుక్‌లో పెడితే నేను వెంటపడి మరీ తీసేయిస్తాను, కోపం తెచ్చుకోకండి.

శనివారం షిఫ్ట్ వాలంటీర్:
వెండి గిన్నెలు ప్రదర్శనకు పెడతారా? కానుకల డబ్బు సంగతేంటి?

సమన్వయకర్త:
వెండి సేఫ్‌లోంచి బయటకు రాదు. కానుకలకు కార్డు మెషీన్ పెడుతున్నారు, చిల్లర వేసే పెట్టెను షిఫ్టు మారినప్పుడల్లా ఖాళీ చేస్తాం. వెస్ట్రీకి, టవర్‌కు తాళాలే.

ట్రెజరర్:
కప్పు సంగతి చెప్పలేదు.

పాతకాలం ఇంజినీరు:
నేను చెబుతా బాబూ. సీసం మీద ఫోరెన్సిక్ మార్కింగ్ ద్రవం పూశారు, పట్టుబడితే ఎక్కడిదో తెలుస్తుంది. 2013 చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో పాత లోహం కొనేవాళ్లు నగదు ఇవ్వకూడదు, అమ్మేవాడి పేరు, చిరునామా సరిచూసుకోవాలి. అయినా దొంగలు ఆగలేదు. మన చేతిలో ఉన్నది చిన్న పని. సాయంత్రం మూసే ముందు చర్చి చుట్టూ ఒక తిరుగు తిరిగి గోడ పక్కన నిచ్చెనలు, చక్రాల చెత్తడబ్బాలు లేకుండా చూడటం. ఎవడైనా వ్యాన్‌లో వచ్చి కప్పు రిపేరు అంటే వార్డెన్‌ గారికి ఫోన్ చేసి అడగండి. ఆవిడకు తెలియని రిపేరు ఉండదు.

శనివారం షిఫ్ట్ వాలంటీర్:
కుర్రాళ్లు గుంపుగా వచ్చి గోడల మీద గీతలు గీస్తే?

సమన్వయకర్త:
వచ్చిన వాళ్లందరినీ తలుపు దగ్గరే పలకరించండి, కుర్రాళ్లయితే ఇంకా ముందు. ఎక్కడినుంచి వచ్చారు, రంగు అద్దాలు చూస్తారా అని మాట కలపండి. పలకరించిన మనిషి ఎదుట పాడుపని చేయడం కష్టం. మనం సెక్యూరిటీ గార్డులం కాదు, వెంట తిరిగి అనుమానంగా చూడొద్దు. వచ్చేవాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది చూసిపోదామని వచ్చేవాళ్లే. నిజంగా దొంగతనమో విధ్వంసమో జరుగుతుంటే అడ్డం పడకండి, బయటకు వచ్చి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. జరిగిపోయాక తెలిస్తే 101, అది అత్యవసరం కాని వాటికి పోలీసు నంబరు.

ట్రెజరర్:
సరే, శనివారం మొదటి షిఫ్టు నాకు రాయండి. బీమాలో వాలంటీర్లు కూడా ఉన్నారని వార్డెన్‌ గారి దగ్గర ఒక ఈమెయిల్ మాత్రం తీసుకోండి అక్కా.

సమన్వయకర్త:
ఈరోజే అడుగుతాను. ఆదివారం రెండు నుంచి నాలుగుకు ఇంకొకరు కావాలి. ఆ షిఫ్టు వాళ్లు తాళం వేసే ముందు ఆర్గన్ వెనక, బల్లల మధ్య ఎవరూ మిగిలిపోలేదని చూడాలి.

పాతకాలం ఇంజినీరు:
నేనొస్తానమ్మా. వంగి బల్లల కింద చూడటానికి మాత్రం మోకాళ్లు బాగున్న ఒక కుర్రాణ్ణి తోడివ్వు.