మోటారు నడుస్తోంది, ట్యాంకు నిండట్లేదు: పైపు లీకా, బోరులో నీళ్లు తగ్గాయా?

అందరికీ నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇంటి బోరు 320 అడుగులు, ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు 260 అడుగుల దగ్గర దించాం. ఆరేళ్లుగా జీఐ (జింకు పూత ఇనుము) పైపులే. వెయ్యి లీటర్ల ట్యాంకు ఇదివరకు అరగంటలో నిండేది. నెల నుంచి గంటన్నర పడుతోంది, ధార సన్నగా వస్తోంది.

మెకానిక్ వచ్చి స్టార్టర్ చూసి, బోరులో నీళ్లు అయిపోయాయి, మోటారు ఇంకాస్త కిందికి దించాలన్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. నీళ్లు తగ్గితే ధార మధ్యలో తెగి, గాలితో కలిసి బుసబుసమంటూ రావాలి కదా? మాకు మొదటి నుంచి చివరి దాకా ఒకే సన్నని ధార. ప్యానెల్‌లో ఆంపియర్లు ఎప్పటిలాగే 10 దగ్గరే ఉన్నాయి. వోల్టేజీ పొద్దున 225, సాయంత్రం 200.

ఇంకోటి. నిన్న రాత్రి ఊరంతా సద్దుమణిగాక కేసింగ్ (బోరు పైభాగంలో దించిన గొట్టం) మూత తీసి చెవి పెట్టాను. మోటారు నడుస్తుండగా లోపల ఎక్కడో జలజలమని నీళ్లు పడుతున్న చప్పుడు. ఆపాక కూడా కాసేపు వినబడి ఆగిపోయింది. (మా ఆవిడ దెయ్యం పట్టిందేమో అన్నట్టు చూసింది, అది వేరే సంగతి.)

జాయింటు దగ్గర పైపు తుప్పుపట్టి చిల్లు పడిందంటారా? ఎన్‌ఆర్‌వీ (పైపులో నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వు) పాడైతే మోటారు ఆన్‌లో ఉండగా కూడా ఇలా వినిపిస్తుందా? మోటారు పైకి తీయకముందే తేల్చుకునే మార్గం ఉందా? తీయక తప్పదంటే, ఈసారి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేయించడం మంచిదేనా? వాడినవాళ్లు చెప్పండి.