పైన యాక్సెస్ పాయింట్ పెట్టినప్పటి నుంచి కింద కూడా ఇంటర్నెట్ ఆగిపోతోంది, ఎందుకు?

పైఅంతస్తు:

మా మెయిన్ రూటర్ కింది హాల్లో ఉంది. పై గదుల్లోకి వైఫై అందడం లేదు. గోడలో ముందే వేయించిన ల్యాన్ కేబుల్ ఉంది కదా అని, దాని పై చివర పాత రూటర్ తగిలించి యాక్సెస్ పాయింట్‌లా (వైరుతో వచ్చే ఇంటర్నెట్‌ని వైఫైగా పంచే పెట్టెలా) వాడుతున్నాను. కేబుల్ రెండు వైపులా ల్యాన్ పోర్టుల్లోనే (ఇంట్లోని పరికరాలు కలిపే వాటిలో) పెట్టాను. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే.

మొదట అంతా బాగానే ఉంటుంది. కాసేపయ్యాక ఏదో ఒక ఫోనులో "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని వస్తుంది. పైన వాడే ఫోన్లకే కాదు, మెయిన్ రూటర్ పక్కనే ఉన్న టీవీకి కూడా అప్పుడప్పుడూ ఇదే వరస. వైఫై ఆపి మళ్లీ పెడితే ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. పైకి వెళ్లే కేబుల్ పీకేసి కాసేపు ఆగితే కింద అన్నీ మామూలైపోతాయి.

ఇంకో సంగతి. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు కూడా పైన స్పీడ్ 94 ఎంబీపీఎస్ దాటదు. మా ప్లాన్ 300. పై గదిలో మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులు వింటుంది. మధ్యలో ఆగిపోతే దానికీ టెన్షన్, నాకూ టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

చిన్నిప్యాకెట్:

రెండు రూటర్లూ ఒకే ఛానెల్ (వైఫై సిగ్నల్ వెళ్లే రేడియో దారి) మీద ఉన్నాయేమో చూడండి. అదీ కాకపోతే పాతది పక్కన పెట్టి మెష్ సెట్ (ఇల్లంతా ఒకే వైఫైలా కలిసి పనిచేసే యూనిట్లు) కొనేయండి, గొడవ ఉండదు.

రాగితీగ:

దయచేసి ఇప్పుడే ఏమీ కొనకండి. గోడలో కేబుల్ ఉన్న ఇంటికి యాక్సెస్ పాయింట్‌ను మించింది లేదు. మెష్ యూనిట్లు గాలిలోనే మాట్లాడుకుంటే, మీ ఫోన్లు వాడాల్సిన వైఫైలోనే అవి కూడా వాటా తీసుకుంటాయి. వైరుకి ఆ బాధ లేదు. ఉన్నదాన్ని బాగుచేసుకుందాం.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ముక్క ఆ టీవీ. సిగ్నల్ సమస్య అయితే అది పైనే ఉండాలి. ఛానెళ్లు ఢీకొంటే స్పీడ్ పడిపోతుంది, అంతేగానీ ఒక ఫోను బాగుండి, పక్క ఫోనుకి అసలు ఇంటర్నెట్టే లేకపోవడం అనేది సాధారణంగా జరగదు. కేబుల్ పీకగానే కింద నయమవుతోందంటే, పాత రూటర్ ఆ వైరు మీదుగా కిందివాటికి తప్పుడు సమాచారం ఇస్తోందన్నమాట.

నా అనుమానం డీహెచ్‌సీపీ మీద, అంటే రూటర్ అడ్రస్‌లు పంచే పని మీద. ఏ ఫోను అయినా నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకో అడ్రస్ కావాలి" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. మామూలు ఇంట్లో ఆ అడ్రస్ ఇచ్చేది మెయిన్ రూటర్ ఒక్కటే. మీ ఇంట్లో ఇప్పుడు రెండున్నాయి. ఎవరి జవాబు ముందొస్తే సాధారణంగా దాన్నే ఫోను పట్టుకుంటుంది. పాత రూటర్ అడ్రస్‌తో పాటు "బయటికి వెళ్లాలంటే నా దగ్గరికి రా" అని తన గేట్‌వే కూడా చెబుతుంది. దాని వ్యాన్ పోర్టు (బయటి ఇంటర్నెట్ లైను కలిపేది) ఖాళీగా ఉంది కాబట్టి అక్కడి నుంచి బయటికి దారి లేదు. అందుకే ఒకసారి రావడం, ఒకసారి రాకపోవడం.

ఇది నిజమో కాదో ఇట్టే తేలిపోతుంది. ఇంటర్నెట్ లేదన్న ఫోనులో వైఫై వివరాలు తెరిచి ఐపీ అడ్రస్, గేట్‌వే రాసుకోండి. పనిచేస్తున్న ఫోనులోనూ అవే చూడండి. రెండూ ఇక్కడ పెట్టండి. ఒకవేళ అడ్రస్ 169.254తో మొదలైతే దానికి ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని అర్థం, అప్పుడు వేరే దారిలో వెతకాలి.

పైఅంతస్తు:

చూశానండి. పనిచేస్తున్నదానికి 192.168.1.104, గేట్‌వే 192.168.1.1. పనిచేయనిదానికి 192.168.0.102, గేట్‌వే 192.168.0.1. పాత రూటర్ అడుగున స్టిక్కర్ మీద కూడా 192.168.0.1 అనే ఉంది!

పైన కేబుల్‌ని ల్యాన్ పోర్టు నుంచి తీసి వ్యాన్ పోర్టులో పెడితే సరిపోతుందని ఒక వీడియోలో చెప్పారు. అలా చేసేయనా?

రాగితీగ:

చేస్తే ఇంటర్నెట్ వస్తుంది, కానీ పై అంతస్తు వేరే నెట్‌వర్క్ అయిపోతుంది. పైనున్న ఫోనుకి కింది టీవీ, ప్రింటర్ తమంతట తాము కనిపించవు. మెట్లు దిగుతూ ఒక వైఫై నుంచి ఇంకోదానికి మారితే అడ్రస్ కూడా మారాలి, నడుస్తున్న వీడియో కాల్ తెగిపోతుంది. వద్దు.

ముందు పాత రూటర్ సెట్టింగుల్లో "యాక్సెస్ పాయింట్ మోడ్" అని ఉందేమో వెతకండి. ఉంటే అది పెట్టేసి రీస్టార్ట్ చేస్తే చాలు, డీహెచ్‌సీపీ దానంతటదే ఆగిపోతుంది.

లేకపోతే చేత్తో చేయాలి. ఇక్కడ వరస ముఖ్యం. గోడ కేబుల్ పీకి, లాప్‌టాప్‌ని వైరుతో పాత రూటర్‌కి ఒక్కదానికే కలపండి. ముందు దాని ల్యాన్ ఐపీని 192.168.1.2గా మార్చండి. రీస్టార్ట్ అయ్యాక లాప్‌టాప్ వైరు ఒకసారి తీసి పెట్టి, 192.168.1.2లో మళ్లీ లాగిన్ అవ్వండి. అప్పుడు డీహెచ్‌సీపీ ఆపి సేవ్ చేయండి. ఐపీ మార్చకుండా డీహెచ్‌సీపీ ఆపేస్తే, ఆ తర్వాత సెట్టింగుల పేజీ తెరవడానికి లాప్‌టాప్‌లో అడ్రస్ మీరే టైప్ చేసుకోవాల్సి వస్తుంది. చివరగా గోడ కేబుల్‌ని మళ్లీ ల్యాన్ పోర్టులోనే పెట్టండి, వ్యాన్ ఖాళీగా ఉండాలి. మెయిన్ రూటర్ పంచే అడ్రస్‌ల వరస 192.168.1.2 నుంచే మొదలవుతుంటే దాన్ని 100 నుంచి మొదలయ్యేలా మార్చండి, లేదంటే అదే అడ్రస్ ఏదో ఒక ఫోనుకి ఇచ్చేస్తుంది.

ఇక 94 సంగతి. 100 ఎంబీపీఎస్ లింకు మీద, డేటాతో పాటు వెళ్లే అదనపు సమాచారం పోగా చేతికొచ్చేది దాదాపు అంతే. కాబట్టి దారిలో ఎక్కడో ఒక లింకు 1000కి బదులు 100 దగ్గర నిలిచిపోయింది. పాత రూటర్ పోర్టులే 100వి కావచ్చు, లేదా కేబుల్ కావచ్చు. పైన గోడ కేబుల్‌ని నేరుగా లాప్‌టాప్‌కి పెట్టి లింక్ స్పీడ్ చూడండి. అదే లాప్‌టాప్‌ని చిన్న వైరుతో కింది రూటర్‌కి పెట్టి కూడా చూడండి.

పైఅంతస్తు:

మోడ్ ఏమీ లేదు, మీరు చెప్పిన వరసలోనే చేత్తో మార్చాను. అప్పటి నుంచి ఏ ఫోనూ మొండికేయలేదు, టీవీ కూడా. చాలా థాంక్సండీ.

లాప్‌టాప్ కింద 1000 చూపిస్తోంది. పైన గోడ దగ్గర 100. రూటర్ పోర్టులు గిగాబిట్‌వే (1000వి).

నిదానంగా:

అయితే కేబుల్ చివర్లు చూడాల్సిందే. లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 100కి రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. మామూలు వైరింగులో నీలం, గోధుమ జతలు 100 స్పీడ్‌కి అక్కర్లేనివి. వాటిలో ఒక్క తీగ ఆనకపోయినా ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది, స్పీడ్ మాత్రం పడిపోతుంది. అందుకే చాలామందికి ఇది ఏళ్ల తరబడి తెలియదు.

గోడ ప్లేటు విప్పి ఆ రెండు రంగులూ ముందు చూడండి. రంగుల వరస రెండు చివర్లా ఒకటే ఉండాలి. మళ్లీ బిగించేటప్పుడు జతల మెలిక ఎక్కువ విప్పకండి, 13 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ మెలికే సిగ్నల్‌ని కాపాడేది.

పైఅంతస్తు:

మీరన్నట్టే పైన ప్లేటులో గోధుమ తీగ సగమే దిగి ఉంది. పంచ్ డౌన్ టూల్‌తో నొక్కాక లాప్‌టాప్ 1000 చూపించింది! అమ్మాయి గదిలో వైఫై మీద 280 వస్తోంది.

ఒక్కటే మిగిలింది. పైనుంచి కిందికి వచ్చాక కూడా ఫోను పై వైఫైనే పట్టుకుని వేలాడుతోంది. సిగ్నల్ ఒక గీత ఉన్నా వదలదు.

చిన్నిప్యాకెట్:

పేర్లు వేరువేరుగా పెట్టుకోండి. ఏది కావాలో మీరే ఎంచుకోవచ్చు.

రాగితీగ:

కదలని టీవీకి ఆ పద్ధతి సరే. చేతిలో పట్టుకు తిరిగే ఫోనుకి నేను ఒప్పుకోను, ప్రతిసారీ మనిషి మార్చాలి. పేరు ఒకటే ఉండనివ్వండి, సెక్యూరిటీ రకం కూడా రెండింటిలో ఒకటే ఉండాలి. ఎప్పుడు మారాలో చివరికి నిర్ణయించేది ఫోనే. పై సిగ్నల్ కింద కూడా బలంగా వినపడుతుంటే అది మారదు. పాత రూటర్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ (సిగ్నల్ పంపే బలం) "హై" ఉంటే "మీడియం" చేయండి, ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్‌లో. ఆ బ్యాండ్‌లో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి, కింద ఛానెల్ 1, పైన 6 లేదా 11 ఇవ్వండి. చిన్నిప్యాకెట్ గారు మొదట్లో ఛానెళ్ల గురించి అన్నది ఇక్కడ పనికొస్తుంది.

పాత రూటర్ మీద 192.168.1.2 అని చీటీ రాసి అంటించండి. పక్కనే "రీసెట్ నొక్కొద్దు" అని కూడా రాయండి. ఇంట్లో ఎవరైనా ఆ బటన్ నొక్కి పట్టుకుంటే డీహెచ్‌సీపీ మళ్లీ మొదలవుతుంది, కింద టీవీ మళ్లీ ఆగుతుంది.