విద్యుత్ వాహనాల పబ్లిక్ ఛార్జర్ల విశ్వసనీయతను ఎలా లెక్కగట్టాలి?

దూరబాటసారి:
బ్రిటన్‌లో 50 కిలోవాట్లు, అంతకు మించిన పబ్లిక్ ఛార్జర్లు ఏడాదిలో సగటున 99 శాతం సమయం పనిచేయాలన్న నిబంధన 2024 నవంబరు నుంచి అమల్లో ఉంది. కానీ ఆ సగటును నెట్‌వర్క్ మొత్తానికి కలిపి కడతారు. రెండు వందల ఛార్జర్లున్న సంస్థ, మిగతావన్నీ సవ్యంగా ఉంటే, దారి మధ్యలో ఒంటరిగా ఉన్న ఛార్జరును ఏడాది పొడవునా గాలికి వదిలేసినా 99 శాతం సగటు దెబ్బతినదు. అమెరికా 2023లో, ఫెడరల్ నిధులతో పెట్టేవాటికి, పోర్టు పోర్టుకూ (ఒక్కో బండికి కరెంటిచ్చే ఒక్కో చోటుకూ) విడివిడిగా 97 శాతం అప్‌టైమ్, అంటే పనిచేసే సమయం, ఉండాలని నిర్దేశించింది. న్యాయమైన పద్ధతి అదే.

మరమ్మతుదారు:
97 శాతమంటే ఏడాదికి సుమారు 263 గంటలు ఆగవచ్చు, 99 అయితే 88 గంటలే. పోర్టువారీగా 99 అడిగితే, పాడైన పవర్ మాడ్యూలుకు (ఛార్జరులో కరెంటును మార్చే భాగానికి) బదులు కొత్తది చేతికందేలోపే గడువు దాటిపోతుంది.

మూడోగేరు:
యాప్‌లో పచ్చగా కనిపించినంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో పరిశోధకులు 657 ఫాస్ట్ ఛార్జింగ్ కనెక్టర్లను (బండికి తగిలించే ప్లగ్గులను) స్వయంగా పరీక్షించి, 2022లో వెల్లడించిన ఫలితాల ప్రకారం 72.5 శాతమే పనిచేశాయి.

దూరబాటసారి:
నాకు జరిగిందీ అదే. కార్డు తీసుకుంది, కనెక్టరుకు లాక్ పడింది, ఆ తర్వాత తెర ‘ప్రారంభమవుతోంది’ దగ్గరే ఆగిపోయింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, తమ సిస్టంలో అది ఆన్‌లైన్‌లోనే ఉందన్నారు.

మరమ్మతుదారు:
రాగి కోసం కేబుళ్లు కోసుకుపోయేవారున్నారు, కరెంటు పోతుంది. అప్‌టైమ్ లెక్కగట్టే అమెరికా సూత్రం అలాంటి సమయాన్ని మినహాయిస్తుంది. మీరు అన్నీ నిర్వాహకుల నెత్తిన రుద్దుతున్నారు.

దూరబాటసారి:
దొంగల ఊసు నేనెత్తలేదండీ! ప్లగ్గు పెట్టాక కరెంటు అందని ప్రతిసారీ దాన్ని వైఫల్యంగా నమోదు చేయాలన్నదే నా వాదన.

మరమ్మతుదారు:
అయితే సూటిగా చెప్పండి. బండ్లు అరుదుగా వచ్చే చోట పోర్టువారీ జరిమానా పడితే, ఏ సంస్థయినా ఆ ఛార్జరును పీకేస్తుంది. మీకు అది సమ్మతమేనా?

దూరబాటసారి:
సమ్మతమే. అక్కడ ఛార్జరు లేదని తెలిస్తే వేరే దారి చూసుకుంటాను. మ్యాపులో చూపించి పనిచేయకపోతే, బ్యాటరీ అడుగంటిన బండితో అక్కడే చిక్కుకుపోతాను.

మూడోగేరు:
వేరే దారి లేనివారి సంగతేమిటి? ఆ ఒక్కటీ తీసేస్తే వారు విద్యుత్ వాహనం కొననే కొనరు.

మరమ్మతుదారు:
అందుకే అలాంటి చోట్ల నిర్వహణ ఖర్చును ప్రభుత్వం భరించాలంటున్నాను. అమెరికా ఫెడరల్ నిధుల పథకంలో ఐదేళ్ల వరకు ఆ వెసులుబాటు ఉంది.

దూరబాటసారి:
భరించనివ్వండి. కానీ ఆ సొమ్ము తీసుకునే ప్రతి పోర్టు లెక్కనూ, విఫలమైన ఛార్జింగ్ ప్రయత్నాలతో సహా, విడిగా ప్రకటించాలి. ఆ షరతు లేకపోతే నేను ఒప్పుకోను.